తోటి ఉద్యోగితో మాట పట్టింపు వచ్చిందా? వచ్చే ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళేలోపు ఇలా చేయండి

"క్షమించేశానండి, కానీ ఆ మనిషి మొహం చూడబుద్ధి కావడం లేదు. ఇది పాపమా?" కాకినాడ నుంచి నరసాపురం దాకా, రొయ్యల ప్లాంటులో చేసేవాళ్ళయినా, ఆస్పత్రి నర్సులయినా, ప్రైవేటు స్కూలు టీచర్లయినా, క్రైస్తవ విశ్వాసులు అడిగే ప్రశ్న ఇంచుమించు ఇదే. చాలాసార్లు వాళ్ళు క్షమించి ఉండరు, ఊరుకుని ఉంటారు. ఊరుకున్న గొడవ నెల తిరక్కుండా మళ్ళీ లేస్తుంది, ఈసారి వడ్డీతో సహా.

బైబిల్లో మత్తయి 18:15లో వరస స్పష్టంగా ఉంది: ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి, ఒంటరిగా. మన దగ్గర వరస తిరగబడింది. ముందు శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన మనవి, తర్వాత పాస్టరు గారికి ఫోను, తర్వాత వాట్సాప్ స్టేటస్. అసలు మనిషికి తెలిసేది అందరికంటే ఆఖర్న, అదీ ఇంకొకరి నోటి నుంచి. ఈ వరసను సరిచేసుకుంటే సగం గొడవలు మొదటి వారంలోనే తేలిపోతాయి.

ముందు ఇది చూసుకోండి: ఒంటరిగా వెళ్ళకూడని సందర్భాలు

లైంగిక వేధింపు, చేయి చేసుకోవడం, బెదిరింపు, కులం పేరుతో తిట్టడం, డబ్బు లేదా స్టాకు మాయం కావడం, రోగి ప్రాణం మీదికి వచ్చే తప్పును కప్పిపుచ్చడం. ఇవి మాట పట్టింపులు కావు. వీటికి కింద రాసిన అడుగులు వర్తించవు. "ఒంటరిగా వెళ్ళి మాట్లాడు" అన్న మాటను అడ్డం పెట్టి, బాధపడిన అమ్మాయిని మళ్ళీ అదే మనిషి గదిలోకి పంపే పెద్దలు ఉన్నారు. వాళ్ళ మాట వినకండి.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 10 మంది కంటే తక్కువ ఉన్న చోటైనా, వేధించింది యజమానే అయినా జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100, అత్యవసరమైతే 112. ఫిర్యాదు ఇస్తే సాక్ష్యం, అంటే విశ్వాసిగా ఉన్న మంచిపేరు, పోతుందని భయపడేవాళ్ళు అపొస్తలుల కార్యములు 16:37 చదవండి. ఫిలిప్పీలో అన్యాయంగా కొట్టించిన అధికారులే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకెళ్ళాలని అపొస్తలుడు పౌలు పట్టుబట్టాడు.

కావలసినవి

- ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోనులో రాయకండి. చేయి జారి గ్రూపులోకి పోయిన మెసేజీలతోనే సగం గొడవలు ముదురుతాయి.
- డ్యూటీ చార్టు, రిజిస్టరు, తూకం చీటీ లాంటి కాగితం ఏదైనా ఉంటే దాని ఫొటో. చూపించి నిలదీయడానికి కాదు, మీకే తేదీ తప్పు పోకుండా.
- ఇద్దరికీ తీరికైన 20 నిమిషాలు.
- పదిమందికి కనిపించే, కానీ మాట వినపడని చోటు. వరండా చివర, చెట్టు కింద, సైకిల్ స్టాండు పక్కన. ఎదుటివారు మగవాళ్ళయి మీరు ఆడవాళ్ళయినా, అటు ఇటు అయినా, తలుపు మూసిన గది వద్దే వద్దు. రెండో గొడవ అక్కడే పుడుతుంది.
- మీ ఆఫీసుతో సంబంధం లేని ఒక నమ్మకస్తుడు లేదా నమ్మకస్తురాలు. మన డెల్టాలో ఇది తేలిక కాదు, ఎవరిని కదిపినా ఎవరికో ఒకరికి మేనత్త కొడుకే అవుతాడు. కాస్త వెతకండి.
- కడుపునిండా తిండి, ఒక రాత్రి నిద్ర. చచ్చిపోతే బాగుణ్ణని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. అసలు సంగతి తర్వాత మాట్లాడుకున్నారు. నైట్ డ్యూటీ దిగగానే మాట్లాడబోయేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

అడుగు 1: నాలుగు వరసలు రాయండి

ఉదాహరణకు, కాకినాడలో ఒక ఆస్పత్రి. నైట్ డ్యూటీ నర్సును విడిపించాల్సిన ఆమె ఆలస్యంగా వస్తోంది. కాగితం ఇలా ఉండాలి:

ఏం జరిగింది: సోమవారం పొద్దున్న 8 గంటలకు రావాల్సిన రిలీఫ్ 8:45కి వచ్చారు.
నాకు నష్టం: ఊరి బస్సు పోయింది, పిల్లాడు బడికి వెళ్ళలేదు.
ఇందులో నా వంతు: అంతకుముందు రెండుసార్లు ఆలస్యమైనా "పర్లేదక్కా" అన్నాను.
నాకు కావలసింది: 8:10 దాటేలా ఉంటే 7:30 కల్లా ఫోను చేయాలి.

ఇప్పుడు కాగితంలో "ఎప్పుడూ", "కావాలనే", "పొగరు", "నన్ను చూస్తే పడదు" ఉన్నాయేమో చూసి కొట్టేయండి. అవి జరిగినవి కావు, మీరు అనుకున్నవి. కొట్టేశాక ఏమీ మిగలకపోతే మీకు వచ్చింది కోపమే తప్ప ఫిర్యాదు కాదు. ఆ కాగితం చించేసి టీ తాగండి.

మూడో వరసే అందరికీ కష్టం. మత్తయి 7లోని మాట, మన కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతకడం, అందరికీ కంఠతా వచ్చు. ఈ ఖాళీ మాత్రం నింపరు. పై ఉదాహరణలో ఆమె తప్పు చిన్నదేమీ కాదు: కడుపులో మండుతున్నా "పర్లేదు" అంది. ఎదుటామె నిజంగానే పర్లేదనుకుంది. అవునంటే అవును, కాదంటే కాదు అని యేసు చెప్పింది ఒట్టు పెట్టుకోవడం గురించే అయినా, మొహమాటపు "పర్లేదు"కీ సరిగ్గా సరిపోతుంది. ఒక రాత్రి ఆలోచించినా మీ వంతు ఏదీ కనపడకపోతే ఖాళీగానే వదిలేయండి. లేని తప్పును వినయం కోసం కల్పించుకుంటే అదీ అబద్ధమే.

అడుగు 2: ప్రార్థన, గడువుతో

ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థించండి. "ఆమె మనసు మార్చు ప్రభువా" ఒక్కటే నోటికి వస్తుంటే అది ప్రార్థన రూపంలో ఫిర్యాదే. ఆమె ఇంట్లో జబ్బు, అప్పు, పిల్లల చదువు, మీకు తెలిసినది ఏదో ఒకటి ఉంటుంది, దాని గురించి అడగండి. ఏమీ తెలియదంటే, ఆ మనిషితో మీకు పరిచయం ఎంతుందో అప్పుడే తెలిసిపోతుంది.

గడువు ఎందుకంటే, "ప్రార్థనలో పెట్టాను" అనే మాట వాయిదాకు మంచి ముసుగు. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదని ఎఫెసీ 4:26. చిన్న విషయమైతే అదే రోజు. పెద్దదైతే మూడు రోజులు, అంతకు మించి వద్దు. ఎలా చూసినా మీ సంఘంలో, అంటే చర్చిలో, తర్వాతి ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకునేలోపు. మత్తయి 5:23-24లో అర్పణను బలిపీఠం ముందే విడిచి వెళ్ళమన్నది కూడా ఈ తొందర కోసమే. అక్కడ గుర్తొచ్చేది మీమీద ఎదుటివాడికి ఉన్న ఫిర్యాదు అని గమనించండి. తప్పు వాళ్ళదైనా మీదైనా, నడిచి వెళ్ళాల్సింది మీరే.

అడుగు 3: నోరు కట్టుకోండి

కూడికలో పేరు చెప్పి మనవి పెట్టకండి. పేరు చెప్పకుండా "మా ఆఫీసులో ఒక సిస్టర్ ఉందండి, పాలకొల్లు నుంచి వస్తుంది" అన్నా పేరు చెప్పినట్టే. మీ నమ్మకస్తురాలికి కూడా "ఒకరితో మాట్లాడాలి, ధైర్యం కోసం ప్రార్థించండి" అంటే చాలు. కట్టెలు లేకపోతే మంట ఆరిపోతుంది, కొండెగాడు లేకపోతే జగడం చల్లారుతుంది అంటుంది సామెతలు 26:20. కట్టె తెచ్చి వేసేది మనమే కాకుండా చూసుకోవాలి.

ఇక స్టేటస్. "నా శత్రువులయెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" అని 23వ కీర్తన ముక్కను పువ్వుల బొమ్మ మీద పెట్టేవాళ్ళు, అది ఎవరి కోసం పెట్టారో ఆఫీసులో అందరికీ తెలుసని మరచిపోతారు. వాక్యంతో పొడిచినా పొడవడమే. ఈ వారం రోజులు స్టేటస్ జోలికి వెళ్ళకండి.

అడుగు 4: మాట్లాడండి

మెసేజీ వద్దు. ఫోనూ ఆఖరి పక్షమే. ఎదురుగా కూర్చుని ఈ వరసలో:

అనుమతి అడగండి. "అక్కా, ఓ పది నిమిషాలు ఉంటారా? డ్యూటీ టైం సంగతి మాట్లాడాలి." విషయం ముందే చెప్పండి. "మీతో మాట్లాడాలి" అని మాత్రం చెప్పి సాయంత్రం దాకా వదిలేస్తే ఆమె అప్పటికే యుద్ధానికి సిద్ధమై ఉంటుంది.

జరిగింది ఒక్కటే చెప్పండి. "సోమవారం మీరు 8:45కి వచ్చారు. నాకు బస్సు పోయింది, బాబు బడి పోయింది." పాత చిట్టా విప్పకండి.

ప్రశ్న వేసి ఆగండి. "ఏమైనా ఇబ్బందా అక్కా?" తర్వాత మౌనం. ఇక్కడే చాలామంది తప్పుతారు. రెండు క్షణాలు ఆగలేక జవాబు కూడా తామే చెప్పేస్తారు. సంగతి వినకముందే జవాబిచ్చేవాడికి మిగిలేది సిగ్గేనని సామెతలు 18:13 చెబుతోంది. యానాం దగ్గర ఆమె బస్సే రావడం లేదేమో, వాళ్ళ మామగారు మంచాన పడ్డారేమో మీకు తెలియదు.

విన్నది తిరిగి చెప్పండి. "అంటే, పొద్దున్న మామగారికి ఇంజెక్షన్ చేయించి బయల్దేరేసరికి ఆలస్యమవుతోందన్నమాట." ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

మీ వంతు చెప్పండి. "నేను ముందే చెప్పాల్సింది, పర్లేదని ఊరుకున్నాను." దీని వెనకాల "కానీ" తగిలించకండి.

అడగాల్సింది అడగండి. "8:10 దాటేలా ఉంటే ఏడున్నరకల్లా ఒక్క ఫోను కొట్టండి, నేను ఇంట్లో ఏర్పాటు చేసుకుంటాను." సంఖ్య, సమయం ఉండాలి. "కాస్త చూసుకోండి అక్కా" అంటే ఎవరూ ఏమీ చూసుకోరు.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "నేను విశ్వాసిని కాబట్టి ఊరుకుంటున్నాను": ఇది క్షమాపణ వేషం వేసుకున్న గర్వం. "దేవుడే చూసుకుంటాడు": ఎదుటివారికి ఇది శాపనార్థంలాగే వినిపిస్తుంది, నిజానికి చాలాసార్లు అదే. "అందరూ మీ గురించి ఇదే అంటున్నారు": ఆ అందరూ ఎవరో వెతకడంలోనే మిగతా టైం పోతుంది. ఇంకోటి, కోపంలో "మీరు" జారి "నువ్వు" అయిపోతుంది. గోదావరి మర్యాదలో తిట్టుకంటే అదే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. నోరు జారితే అక్కడికక్కడే "తప్పయింది, మీరు చెప్పండి" అనేయండి.

ఎదుటివారు క్రైస్తవులు కాకపోతే వాక్యాలు ఎత్తకండి, ఈ సందర్భాన్ని సువార్తకు వాడుకోకండి. మీరు వచ్చింది డ్యూటీ టైం గురించి. విశ్వాసులే అయితే ప్రార్థన చివర్లో చేసుకోండి, మొదట్లో వద్దు. మొదట్లో చేస్తే "ఈ సహోదరి కళ్ళు తెరువు ప్రభువా" అంటూ దేవుడి పేరు చెప్పి ఎదుటామెకే ఉపన్యాసం ఇస్తాం.

*ఎదురు తిరిగితే:* "నువ్వు మాత్రం తక్కువా?" అంటే "చెప్పండక్కా" అని వినండి. అందులో నిజం ఉంటే ఒప్పుకోండి, మీ కాగితం సంగతి తర్వాత. *అరిస్తే:* గొంతు తగ్గించి "రేపు మాట్లాడుకుందాం, పొద్దున్న పదకొండుకి" అని లేవండి. టైం చెప్పకుండా లేస్తే అలిగి వెళ్ళినట్టుంటుంది. మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుందన్న సామెతలు 15:1 నిజమే, కానీ అదే నిమిషంలో చల్లారుస్తుందని అక్కడ లేదు. *ఏడిస్తే:* నీళ్ళిచ్చి ఆగండి. జాలిపడి "ఏం లేదులే అక్కా" అన్నారో, మళ్ళీ మొదటికొస్తుంది.

అడుగు 5: తేలకపోతే ఇంకొకరు, ఆ తర్వాత ఇన్‌చార్జి

రెండుసార్లు మాట్లాడినా మార్పు లేకపోతే ఒకరిద్దర్ని కూర్చోబెట్టండి. సంగతి చూసినవారై ఉండాలి, ఇద్దరూ గౌరవించేవారై ఉండాలి. మీ సంఘం వాళ్ళనో మీ ఊరి వాళ్ళనో మాత్రమే తెస్తే అది మధ్యవర్తిత్వం కాదు, బలప్రదర్శన. వచ్చినవారికి ముందే మీ కథ పూర్తిగా చెప్పకండి. మొదట మాట్లాడినవాడి పక్షమే న్యాయంగా కనబడుతుందని సామెతలు 18:17 ఊరికే చెప్పలేదు. ఇద్దరి మాటా ఇద్దరి ముందే, ఒకేసారి విననివ్వండి.

మూడో మెట్టు మత్తయి 18లో సంఘం. ఆఫీసులో మాత్రం అది సూపర్‌వైజరు, హెడ్ నర్సు, హెడ్మాస్టరు, మేనేజరు. ఇద్దరూ ఒకే సంఘం వాళ్ళయితే తప్ప పాస్టరు గారిని ఇందులోకి లాగకండి. డ్యూటీ చార్టు మార్చే అధికారం ఆయనకు లేదు. పాపం, ఆయన ఏం చెప్పినా ఒకరికి శత్రువవుతారు.

ఇన్‌చార్జికి రాసేది అర పేజీ దాటకూడదు: తేదీలు, జరిగింది, పనికి కలిగిన నష్టం, మీరు ఏ రోజున స్వయంగా మాట్లాడారు, ఏం కావాలి. గుణగణాల వర్ణన వద్దు. ఇస్తున్నట్టు ఎదుటివారికి ముందే చెప్పండి. చాటుగా ఇచ్చిన కాగితం బయటపడితే, అప్పటిదాకా చేసిందంతా నాటకమనిపిస్తుంది. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

డబ్బు గొడవైతే

ఆఫీసు చీటీలు, చేబదుళ్ళు వేరే లెక్క. క్షమించడమంటే బాకీ కొట్టేయడం కాదు. రెండు దారులే ఉన్నాయి. ఒకటి, ఎంత, ఏ తేదీకి, ఎన్ని వాయిదాల్లో అని కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టడం. రెండోది, పూర్తిగా వదులుకుని, వదిలేశానని ఒక్కసారి చెప్పి, మళ్ళీ ఎత్తకపోవడం. "వదిలేశాను" అంటూనే ప్రతి పండక్కీ గుర్తుచేసే మూడో దారి అన్నిటికంటే చెడ్డది. ముఖ్యంగా చీటీ పాడుకుని కట్టడం మానేసినవాళ్ళ విషయంలో ఒక్కరే వదులుకోవడం కుదరదు. అందులో మిగతావాళ్ళ డబ్బూ ఉంది.

తప్పు మీదే అయితే

ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి: "నిన్న గ్రేడింగ్ టేబుల్ దగ్గర అందరి ముందూ మిమ్మల్ని దొంగ అన్నాను, తప్పు." "ఏమైనా తప్పుగా అనుంటే క్షమించండి" అనేది క్షమాపణ కాదు. నలుగురి ముందు అన్నదానికి ఆ నలుగురి ముందే చెప్పాలి. గదిలో రహస్యంగా చెప్తే పోయిన పరువు తిరిగి రాదు. నష్టం జరిగితే పూడ్చండి. అన్యాయంగా తీసుకున్నదానికి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, మీరు కనీసం అసలు ఇవ్వండి. "క్షమించానని చెప్పండి" అని పట్టుబట్టకండి. అది వాళ్ళు వాళ్ళ టైంలో ఇచ్చేది.

రాకుండా చూసుకోగలిగినవి రెండు

ఆదివారం సెలవు. ప్రతి ఆదివారం మీకే కావాలంటే మిగతావాళ్ళకు మండుతుంది, మండదూ మరి? నెల మొదట్లోనే చార్టు వేసేవారి దగ్గరికి వెళ్ళి బదులు ఇవ్వండి: భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ నేను చేస్తాను, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే నాకు వదలండి అని. గోదావరి జిల్లాల్లో కనుమ రోజు డ్యూటీ చేస్తానన్న మనిషికి ఏడాదంతా స్నేహితులే. ఇక నెలలో ఒక ఆదివారమైనా డ్యూటీ తీసుకుని సాయంత్రం ఆరాధనకు వెళ్ళండి.

వినాయకచవితి చందా, ఆయుధపూజ ప్రసాదం. మనస్సాక్షికి ఒప్పకపోతే తీసుకోకండి, కానీ ఆ మాట ముందు రోజే, ఏర్పాట్లు చూసేవారికి విడిగా చెప్పండి. ప్రసాదం చేతికిచ్చే క్షణంలో మొహం తిప్పుకుంటే ఆ మనిషిని అవమానించినట్టే. అదే రోజు కుర్చీలు వేయడానికో, భోజనాల వడ్డనకో ముందుండండి. మీరు దూరమైంది పూజకే, మనుషులకు కాదని అప్పుడే తెలుస్తుంది.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాలు ఆగి చూడండి. ఒప్పుకున్న పని జరుగుతోందా అన్నది మొదటిది. పై ఉదాహరణలో ఏడున్నరకు ఫోను వస్తోందా? రెండు వారాల్లో ఒకసారి తప్పితే అది మనుషుల లెక్క, మూడుసార్లు తప్పితే అడుగు 5కి వెళ్ళండి. రెండోది, ఆ మనిషి నంబరు ఫోనులో కనపడగానే మీ కడుపులో ఏమవుతోంది? ఇంకా తిప్పుతుంటే ఆశ్చర్యం లేదు, మనసు కాగితం కంటే నెమ్మది. కథను ఇంకా ఎవరికైనా చెబుతున్నారా? చెబుతుంటే రెండో అడుగు మళ్ళీ మొదలుపెట్టండి. హ్యాండోవర్, అంటే డ్యూటీ అప్పగింత, పూర్తి వాక్యాల్లో జరుగుతోందా, చార్టు మీదికి చేయి చూపించి వెళ్ళిపోతున్నారా?

అన్నీ చేసినా కుదరని మనుషులు ఉంటారు. రోమా 12:18 "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అనే మొదలవుతుంది. మీ చేతనైనంత అయ్యాక వార్డు మారడం, షిఫ్టు మారడం, బదిలీ అడగడం ఓటమి కాదు. మార్కు అనే తోటి సేవకుణ్ణి వెంట తీసుకెళ్ళాలా వద్దా అని పౌలు, బర్నబా విడిపోయి చెరో దారి పట్టారు. అదే మార్కు తనకు ఉపయోగపడేవాడని పౌలు తర్వాత తిమోతికి రాశాడు. మారేటప్పుడు తాళాలు, రిజిస్టర్లు, పెండింగు పనుల జాబితా అన్నీ రాసి, సంతకం తీసుకుని అప్పగించండి. కొత్త చోట పాత చోటి సంగతి అడిగితే "షిఫ్టు కుదరలేదు" అంటే సరిపోతుంది.